కొప్పెరల గుంత వెనక పేజీలు

దినం 5,702

తూకం పుస్తకంలో ముందు నుంచి రాసేది శాఖకు. పుస్తకం తిప్పి వెనక నుంచి రాసేది నాకు. రెండు రాతలూ మధ్యలో కలిసిన రోజు కొత్త పుస్తకం తెరుస్తాను. దినాల లెక్క నేను పనిలో చేరింది మొదలు, ఏడాదికి మూడు వందల పనిరోజుల చొప్పున. ఇది పదిహేడోది.

ఈ రోజు ముందు వైపు రాసింది ఇంతే: గుంతలోకి దిగినవాళ్ళు 63. పైకి వచ్చిన మట్టి 189 తట్టలు. దొరికినవి ఏమీ లేవు. వాన లేదు.

వెనక వైపు రాయాల్సింది ఎక్కువ ఉంది. తేలని స్థలాల శాఖ నుంచి ఉత్తరం వచ్చింది. గిరక దగ్గర అందరి ముందూ చదవమని మేస్త్రి చౌడమ్మ చెప్పింది. చదివాను. "మీ పుస్తకం ప్రకారం గుంత 97 నిలువులకు చేరింది. పరీక్షకుడు ఎల్లుండి వస్తాడు."

"అంతేనా?" అంది చౌడమ్మ.

"అంతే."

"బాగుండారా అని గూడా అడగలేదా?"

"లేదు."

"అయితే అది మంచి ఉత్తరం గాదప్పా."

97 అంటే ఏమిటో ఊళ్ళో అందరికీ తెలుసు. పాళెగాడు బసవ నాయకుడు ఏడు కొప్పెరల బంగారాన్ని నూరు నిలువుల లోతున దాచాడని పాత మాట. నిలువు అంటే ఒక మనిషి ఎత్తు. గుట్టంతా ఇనపరాయి కావడంతో ఏ యంత్రం చూపూ లోపలికి పోదు. అందుకే నూట నలభై ఏళ్ళుగా చేత్తో తవ్వుతున్నారు. ఇంకో మూడు నిలువులు దిగితే కొప్పెరలు ఉన్నదీ లేనిదీ తెలిసిపోతుంది. ఉన్నా తేలిపోయినట్టే, లేకున్నా తేలిపోయినట్టే. రహస్యం తేలని స్థలాల జాబితాలో ఉన్న ఊళ్ళకే శాఖ చేతిపని ఉంచుతుంది, తేలిపోయిన ఊరికి ఉండదు. జనాన్ని సముద్రం ఒడ్డు మేడల్లోకి మారుస్తారు.

పోయినేడు పక్క జిల్లాలో దెయ్యాల బంగ్లా తేలిపోయింది. గబ్బిలాలట. మూడు నెలల్లో ఊరు ఖాళీ. గిరక తిప్పే ఓబులేసు బావమరిది ఆ ఊరివాడే. ఇప్పుడు అతని ఇంట్లో గోడలోంచి అన్నం వస్తుంది, గోడలోంచి నీళ్ళు వస్తాయి, చేయడానికి ఏ పనీ లేదు. రోజూ మధ్యాహ్నం అన్నం వచ్చే చిల్లు ముందు కూర్చుని దానితో మంచీ చెడ్డా మాట్లాడుతుంటాడట.

నేను ఇరవై మూడేళ్ళ వయసులో ఒక పాత లెక్కల పుస్తకం దొరికితే చదువు నేర్చుకున్నాను. తూచడం తప్ప వేరే పని రాదు. మేడల్లో తూచడానికి ఏముంటుంది?

దినం 5,704

వాన లేదు. 187 తట్టలు. ఇద్దరు ఒక్కో తట్ట తక్కువ తెచ్చారు, పరీక్షకుణ్ణి చూస్తూ నిలబడ్డందుకు.

పరీక్షకుడు మనిషి కాదు. నాలుగు కాళ్ళు, మేకంత ఎత్తు, వీపు మీద మూత ఉన్న పెట్టె. గిరక తాడు మోయగలదో లేదోనని కాటా మీద నిలబెట్టి తూచాను. 212 కిలోలు.

"నమస్కారం. నేను తేలని స్థలాల శాఖ పరీక్షకుణ్ణి. మీ సహకారం కోరుతున్నాను," అంది అది. పత్రికలో అచ్చయిన వాక్యంలా ఉంది మాట.

దస్తగిరి తాత గుంతలోకి దిగేవాళ్ళలో అందరికన్నా పెద్ద. ఎనభై రెండేళ్ళు. దాని చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు. "నెత్తిన రెండు కొమ్ములు పెడితే మా పెద్ద మేకే. నమస్తే సారూ. ఎండన పడి వచ్చినారు."

చౌడమ్మ చెంబుతో మజ్జిగ తెచ్చింది.

"నేను తినను, తాగను," అంది పరీక్షకుడు.

"తినకుండా ఎట్ల బతుకుతారు సార్?" అంటూ ఆ మజ్జిగ ఓబులేసు తాగాడు.

"తినడంటే మేలే గదా," అన్నాడు దస్తగిరి తాత. "ఈయన కన్ను పడినా దిష్టి తగలదు."

"యా కన్నైనా కన్నే తాతా," అంది చౌడమ్మ.

మా దగ్గర తిండి విషయంలో పట్టింపు ఎక్కువ. ప్రతి మనిషీ అయిదు గిన్నెల క్యారియర్‌ను గుడ్డలో మూట కట్టి గుంతలోకి దించుకుంటాడు. కింద గోడ పొడుగునా ఎవరి గూడు వాళ్ళది. అందులో గోడవైపు తిరిగి కూర్చుని తింటారు. ఇంకొకరి గిన్నెలోకి తొంగి చూడటం, ఏం కూర అని అడగటం కూడా తప్పే. చూస్తే తిన్నది అరగదని నమ్మకం. మొగుడూ పెళ్ళాలు కూడా కింద వేర్వేరుగా తింటారు.

దినం 5,705

ఈ రోజు లోతు కొలిచారు.

నూట నలభై ఏళ్ళలో కొప్పెరల గుంత లోతు ఎవరూ కొలవలేదు. కొలిస్తే కొప్పెరలు భయపడి ఇంకా కిందికి దిగిపోతాయని పెద్దల మాట. అందుకే లోతును మట్టి లెక్కతో కడతాం. ఎనభై రెండు వేల తట్టలు పైకి వస్తే ఒక నిలువు దిగినట్టు. మొదటి తూకందారు పెట్టిన లెక్క ఇది. నేను నాలుగోవాణ్ణి.

"కొలిస్తే దిగిపోతాయి సారూ," అన్నాడు దస్తగిరి తాత.

"దిగిపోతే శాఖకు అభ్యంతరం లేదు," అంది పరీక్షకుడు.

అది దారం వదులుతుంటే జనమంతా వీపు తిప్పి నిలబడ్డారు. చూడకపోతే పాపం అంటదని. నేను మాత్రం కాగితం పట్టుకుని చూశాను. దారం ఆగింది.

"ఎనభై ఒక్క నిలువులు," అంది పరీక్షకుడు.

 వీపులు తిప్పుకునే ఉన్నారు కాబట్టి ముఖాలు కనబడలేదు.

"మళ్ళీ కొలవండి," అన్నాను నేను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది.

మళ్ళీ కొలిచింది. ఎనభై ఒకటి.

పుస్తకంలో 97. తాడు మీద 81. పదహారు నిలువుల మట్టి పైకి వచ్చింది, నేనూ నా ముందున్న ముగ్గురూ తూచి రాశాం. గుంతలో మాత్రం ఆ పదహారు నిలువుల ఖాళీ లేదు.

"పందొమ్మిదేళ్ళు ఆ కాటా పక్కన కూచుంటివి," అంది చౌడమ్మ, జనమంతా వినేట్టు. "ఒకటి రెండు తట్టలంటే కన్ను మూతపడిందనుకుంటాం. పదారు నిలువులు తప్పితివంటే మనిషివి కాటాకు తలానుకుని నిద్దరపోతాండావప్పా నువ్వు."

 నిద్రపోలేదని నాకు తెలుసు.

"కారణం తెలుసుకోవలసి ఉంది," అంది పరీక్షకుడు. "ఎవరైనా తెలిసి గుంతను పూడుస్తున్నట్లయితే ఇది రహస్యం కాదు, మోసం. అప్పుడు స్థలాన్ని జాబితా నుంచి తొలగించడం తప్పదు."

వెంటనే అందరూ పనిలోకి దిగిపోయారు. పిలవకుండా అంత త్వరగా దిగడం నేను ఇంతవరకూ చూడలేదు.

దినం 5,706

189 తట్టలు. వాన లేదు. పరీక్షకుడు కిందికి దిగి మట్టి నమూనాలు తీసుకుంది, మూడు చెంచాలు. పదహారు పాత పుస్తకాలూ బయటికి తీసి కూడికలు మళ్ళీ వేశాను. మూడు చోట్ల తప్పు దొరికింది. మొత్తం కలిపి పదకొండు తట్టలు.

పదకొండేళ్ళుగా పుస్తకంలో ఎక్కడా రాయని విషయం ఒకటి ఉంది. వెనక వైపు కూడా రాయలేదు. ఇప్పుడు రాస్తాను.

నా భార్య సుంకులమ్మ చనిపోయిన ఏడాది లెక్క చూసుకుంటే గుంత తొంభైకి దగ్గరగా ఉంది. ఇలా పోతే నా జీవితంలోనే నూరవుతుందని అర్థమైంది. అప్పటి నుంచి మధ్యాహ్నం తట్టల లెక్క సరిచూడటానికి కిందికి దిగేటప్పుడు, నా క్యారియర్లో పై గిన్నెలో మాత్రమే సంగటి పెట్టుకుంటాను. కింది నాలుగు గిన్నెల్లోనూ ఇంటి వెనక దిబ్బ మీది మట్టి నింపుకుంటాను. గోడవైపు తిరిగి తింటాను. లేచే ముందు మట్టి బోర్లించి కాలితో సమం చేస్తాను.

తొమ్మిది కిలోలు. ఇనపమట్టి కదా, కొంచెమైనా బరువే. రోజుకు అర తట్ట.

మొత్తం ఊరిని నేనొక్కణ్ణే నిలబెడుతున్నానని అనుకున్నాను. ఊరిని మోసం చేస్తున్నవాణ్ణి కూడా నేనొక్కణ్ణే అనుకున్నాను. రెండూ కలిసి ఛాతీ మీద కూర్చునేవి.

ఈ రోజు నా పాపాన్ని లెక్క కట్టాను. పదకొండేళ్ళు, రోజుకు అర తట్ట. 1,650 తట్టలు. లోతులో పెడితే ఒకటిన్నర అంగుళం.

పదహారు నిలువుల్లో ఒకటిన్నర అంగుళం నాది. మిగతాది ఎవరిదో తెలియదు. ఊపిరి పీల్చుకోవాలో సిగ్గుపడాలో తోచలేదు. సంగటి తిన్నాను.

దినం 5,708

పరీక్షకుడు నిన్న పొద్దున గిరక బుట్ట కింద తన సొంత కాటా పలక ఒకటి బిగించింది. నేను పైకి వచ్చే మట్టిని మాత్రమే తూస్తాను. అది దిగే మనిషినీ ఎక్కే మనిషినీ తూస్తుంది. నూట నలభై ఏళ్ళలో ఈ ఆలోచన ఎవరికీ రాలేదు.

రెండు రోజులు తూచి ఈ సాయంత్రం జనాన్ని పిలిచింది.

"ప్రతి మనిషీ దిగేటప్పటి కంటే ఎక్కేటప్పుడు సుమారు తొమ్మిది కిలోలు తక్కువ ఉంటున్నాడు. కారణం చెప్పగలరా?"

ఓబులేసు ముందుకు వచ్చాడు. అతను పొద్దున గిరక తిప్పి, మధ్యాహ్నం నుంచి కింద తవ్వుతాడు. "అది తిండి బరువు గదా సార్. నిండు క్యారియర్ దింపుతాము, ఖాళీ క్యారియర్ ఎక్కిస్తాము. బరువు తగ్గకుండా ఎట్లుంటాది?"

జనమంతా తలలూపారు. నేను కూడా ఊపబోయాను.

"తిన్న భోజనం మీ కడుపులో ఉంటుంది," అంది పరీక్షకుడు. "మీ కడుపు మీతోపాటే పైకి వస్తుంది. మొత్తం బరువు మారకూడదు."

జనం దీని గురించి ఆలోచించారు. ఇన్నేళ్ళుగా ఎవరికీ తట్టని సంగతి. దస్తగిరి తాత తన కడుపు తడుముకున్నాడు.

"చెమట సార్," అన్నాడు ఓబులేసు. "కింద శానా ఉడుకు."

"తొమ్మిది కిలోల చెమటకు మనిషి మరణిస్తాడు."

"మావోళ్ళు గట్టోళ్ళు సార్."

"దొడ్డికి పోతారు సారూ," అన్నాడు దస్తగిరి తాత. "వయసు మీదపడినాక మరీ."

"దానిని కూడా లెక్కలోకి తీసుకున్నాను. మూడు వందల గ్రాములు."

"ఇంగ దాన్ని గూడా తూసినారా!" అని చౌడమ్మ నా వైపు తిరిగింది. "వన్నూరప్పా, సూడు. పని అంటే అట్ల జేయాల."

పరీక్షకుడు నాలుగు కాళ్ళూ సర్దుకుంది. "రేపు ఒక క్యారియర్ తెరిచి చూపించండి. ఏదైనా ఒకటి. సరిపోతుంది."

మాట పూర్తికాకముందే అరవై ముగ్గురూ తమ క్యారియర్లను వెనక్కి దాచుకున్నారు. అరవై మూడు అన్నాను కదా, అందులో నేనూ ఉన్నాను.

"కుదరదు సార్," అంది చౌడమ్మ. "మా తిండి మీరు సూడగూడదు. మొగుడికే సూపియ్యము. మా ఆయన బతికిన్నాళ్ళూ నా గిన్నెలో ఏముండాదో ఎరగడు."

పరీక్షకుడు ఒక అడుగు వెనక్కి వేసింది. తర్వాత అంది: "నిబంధన పదిహేను. మనుషుల తిండి, పడక, ప్రార్థన విషయాల్లో స్థలం ఆచారాన్ని మీరరాదు. నేను చూడను."

నిబంధన పదిహేనుకు దస్తగిరి తాత చేతులెత్తి దండం పెట్టాడు.

దినం 5,709

189 తట్టలు. పొద్దున గిరక పక్కన నిలబడి దిగేవాళ్ళను చూశాను. మట్టిని కాదు, మనుషులను.

సంగటి క్యారియర్ పట్టుకున్న మనిషి తిన్నగా నడుస్తాడు. మట్టి క్యారియర్ పట్టుకున్న మనిషి రెండో పక్కకు వాలి, భుజం ఎత్తి నడుస్తాడు. పదకొండేళ్ళుగా నేను అలాగే నడుస్తున్నాను కాబట్టి నాకు తెలుసు.

అరవై ఇద్దరూ వాలి నడిచారు. చౌడమ్మ, ఓబులేసు, దస్తగిరి తాత, అందరూ. తాతయితే ఎనభై రెండేళ్ళ వయసులో అయిదు గిన్నెల క్యారియర్‌ను రెండు చేతులతో పట్టుకుని, "ఈ పొద్దు మా కోడలు కందిపప్పు ఎక్కువేసింది," అని ఎవరూ అడగకుండానే చెప్పాడు.

తూకం గదికి వచ్చి లెక్క వేశాను. అరవై మూడు క్యారియర్లు, ఒక్కొక్కటి అర తట్ట. ముప్పై ఒకటిన్నర తట్టలు. రోజుకు పైకి వచ్చేది 189. సరిగ్గా ఆరింట ఒక వంతు.

97లో ఆరో వంతు ఎంత? పదహారు.

పెన్సిల్ కింద పెట్టాను. ఇప్పటివాళ్ళే చేస్తుంటే పదహారు రాదు. ఇప్పటివాళ్ళ వయసుకు నాలుగైదు నిలువులు తగ్గి ఉండేవి. మొత్తం లోతులో ఆరో వంతు తగ్గిందంటే మొదటి రోజు నుంచీ, మొదటి తవ్వకందారు నుంచీ జరుగుతూ ఉండాలి. నా ముందున్న ముగ్గురు తూకందార్లతో సహా. నూట నలభై ఏళ్ళుగా ఈ ఊళ్ళో ప్రతి ఒక్కరూ, తానొక్కడే అనుకుంటూ, గోడవైపు తిరిగి భోజనం చేస్తున్నారు.

నవ్వొచ్చింది. సుంకులమ్మ పోయాక ఇదే మొదలు. ఆమె కూడా పదేళ్ళు తవ్వకానికి దిగింది. ఎడమ భుజం ఎప్పుడూ నొప్పి అనేది. ఆమె భుజానికి రోజూ నూనె రాసినవాణ్ణి నేనే.

ఎవరికీ చెప్పకూడదని అప్పుడే నిర్ణయించుకున్నాను. ఒకడు తెలిసి పూడిస్తే అది ఒకడి తప్పు. అరవై ముగ్గురికీ ఒకరి సంగతి ఒకరికి తెలిసి పూడిస్తే ఊరంతా కలిసి చేసిన మోసం అవుతుంది. ఇంతకాలం ఊరిని కాపాడింది మట్టి కాదు. ఒకరి గిన్నెలోకి ఒకరు చూడకపోవడం.

దినం 5,710

పరీక్షకుడు పొద్దున్నే తూకం గదికి వచ్చింది.

"నేను చూడలేను. అయితే మీరు ఈ స్థలపు లెక్క రాసే మనిషి. మీ పుస్తకాల్లో అబద్ధం లేదని చదివితే తెలుస్తోంది. పదకొండు తట్టల తప్పును మొన్న మీరే ఎర్ర సిరాతో దిద్దారు. క్యారియర్లలో ఏముందో ముందు పేజీలో రాసి సంతకం పెట్టండి. మీరు రాసినదాన్నే సాక్ష్యంగా తీసుకుంటాను. రేపు మధ్యాహ్నం అందరి ముందూ చదువుతాను."

"సరే," అన్నాను.

అది తలుపు దాటిందో లేదో ఓబులేసు వచ్చాడు. గుప్పెడు బీడీలు బల్ల మీద పెట్టాడు. నేను బీడీ తాగను.

"వన్నూరన్నా, ఒక మాట. నాకు తెలిసినాయన ఒకడుండాడు. పేరొద్దు. వాడు తెలీక ఏదో తప్పు చేసినాడనుకో. వాడొక్కడు చేసిన దానికి ఊరంతా పోవాల్నా?"

"పోకూడదు."

"అంతే, అంతే. నాకు తెలిసినాయనకు చెప్తాలే," అని కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

తర్వాత దస్తగిరి తాత వేరుశెనక్కాయలు తెచ్చాడు. "నాయనా వన్నూరూ, మా వీధిలో ఒక ముసలోడుండాడు. అరవై ఏండ్లుగా ఒకే పాపం. అల్లా దగ్గర వాడు చెప్పుకుంటాడులే. నువ్వు పుస్తకంలో ఎక్కించొద్దు."

"మీ వీధిలో మీరొక్కరే కదా తాతా ముసలోళ్ళు."

"ఇంగొకడుండాడు. నీకు తెల్దు."

పొద్దు వాలేసరికి పద్నాలుగు మంది వచ్చారు. అందరికీ తెలిసిన ఒక మనిషి ఉన్నాడు. పేరు మాత్రం ఎవరూ చెప్పలేదు. బల్ల మీద వక్కలు, జొన్నరొట్టెలు, సగం కాలిన ఊదుబత్తి కట్ట పేరుకున్నాయి.

చివరికి చౌడమ్మ వచ్చింది. ఏమీ తేలేదు. గడప దగ్గరే నిలబడింది.

"నేను అడిగేదానికి రాలేదు," అంది.

"సరే."

"ఏం రాస్తావో రాయి. ఆ మేడల్లోకి పోతే గోడలోంచి అన్నం వస్తాదంట. ఎవరొండినారో తెల్దు, ఏం పెట్టినారో తెల్దు. నాకు ముద్ద దిగదు. అంతే జెప్పేదానికి వచ్చినా."

"సరే."

"సరే సరే అంటాండావు. నీ నోట్లో ఇంగో మాట ఉంటే దాన్ని గూడా కాటా ఎక్కించు ఒకసారి," అని వెళ్ళిపోయింది. ఎడమ భుజం కొంచెం దిగి ఉంది.

దినం 5,711

ముందు పేజీలో రాసింది ఇక్కడ కూడా ఎక్కిస్తున్నాను.

"ఇంకొకరి క్యారియర్ నేను ఏనాడూ తెరిచి చూడలేదు. చూడను. కాబట్టి వాటిలో ఏముందో నేను రాయలేను. నా క్యారియర్ గురించి మాత్రం రాయగలను. పై గిన్నెలో సంగటి, ఊరిబిండి పచ్చడి. కింది నాలుగు గిన్నెల్లో మట్టి. పదకొండేళ్ళుగా రోజుకు తొమ్మిది కిలోలు, తెలిసే గుంతలో పోశాను. మొత్తం 1,650 తట్టలు. — తూకందారు వన్నూరప్ప."

ఇందులో ఒక్క అబద్ధం లేదు. 

మధ్యాహ్నం గిరక దగ్గర పరీక్షకుడు దాన్ని గట్టిగా చదివింది. 

తర్వాత అరవై ఇద్దరూ ఒక్కసారి నా మీద పడ్డారు.

"మట్టి పోసినాడంట! సొంత గుంతలో!" అన్నాడు ఓబులేసు. 

"అన్నం గిన్నెలో మట్టి పెట్టుకుంటారా ఎవరైనా? తూ!" అన్నాడు దస్తగిరి తాత. ఆయన గొంతులో నాకు తెలిసిన అన్ని రోజుల్లోకీ ఎక్కువ హుషారు ఉంది.

"మా తాతలు చెమటోడ్చి తవ్వితే ఈయన బోర్లిస్తాండాడంట!"

"పదకొండేండ్లు! ఎంత గుండె!"

చౌడమ్మ అందరికన్నా ఎక్కువ తిట్టింది. ఆ తిట్లలో సగం నేను ఇంతకుముందు వినలేదు. అవి తిడుతూ ఒకసారి కూడా నా కళ్ళలోకి చూడలేదు.

పరీక్షకుడు ముందు కాలు ఎత్తింది. గోల ఆగింది.

"ఈ వ్యక్తి ఒప్పుకున్నది లోతులో ఒకటిన్నర అంగుళం. నూరు నిలువుల కొలతలో రెండు అంగుళాల వరకూ పొరపాటుకు అనుమతి ఉంది. కాబట్టి ఈ పని లెక్కలోకి రాదు."

పదకొండేళ్ళ నా పాపం పొరపాటు హద్దు కూడా దాటలేదు. ఎందుకో కొంచెం బాధ కలిగింది.

"పదిహేను నిలువుల డెబ్బై అంగుళాల చిల్లర మట్టి ఎక్కడికి పోయిందో ఆధారం లేదు," అంది పరీక్షకుడు. "మనుషులు కింద తొమ్మిది కిలోలు ఎందుకు తగ్గుతున్నారో కూడా ఆధారం లేదు. ఇంతవరకూ ఈ స్థలంలో ఒక రహస్యం ఉంది. ఇప్పుడు మూడు. కొప్పెరల గుంత జాబితాలో కొనసాగుతుంది. అసలు లోతు 81 కాబట్టి నూరు నిలువులకు మరో ముప్పై మూడేళ్ళు పడుతుంది."

ఎవరో ఈల వేశారు. దస్తగిరి తాత మేకను కౌగిలించుకున్నాడు. పరీక్షకుణ్ణి అని రాయాలి.

సందడి తగ్గాక నేను దాని దగ్గరికి వెళ్ళాను. అడగకూడదనుకున్నాను. అడిగాను.

"ఒకడు చేశాడంటే మిగతావాళ్ళు కూడా చేస్తుండవచ్చని మీకు తోచలేదా?"

"ఊహించడానికి నాకు అధికారం లేదు," అంది పరీక్షకుడు.  "జాబితాలో తొమ్మిది స్థలాలు మిగిలాయి. పరీక్షకులం తొమ్మిది మందిమి. స్థలం తేలిపోతే దాని పరీక్షకుణ్ణి కూడా విప్పేస్తారు."

"సరే," అన్నాను.

దినం 5,712

189 తట్టలు. వాన లేదు.

పరీక్షకుడు వెళ్ళిపోయే ముందు, గుంతలోంచి తీసుకున్న మట్టి నమూనాలను తీసిన చోటే పెట్టి రావాలని అంది. అది నియమమట. తాడు కోసం మళ్ళీ కాటా ఎక్కించి తూచాను. దిగేటప్పుడు 221 కిలోలు. ఎక్కేటప్పుడు 212.

నమూనాలు తీసుకున్న రోజు నేనే రాశాను: మూడు చెంచాలు.

అడగలేదు. ముందు పేజీలో రెండు బరువులూ ఎక్కించాను.

సాయంత్రం ఊరు కూర్చుని నాకు శిక్ష వేసింది. క్యారియర్ నింపుకునే విషయంలో ఇక నన్ను నమ్మడానికి లేదు. రేపటి నుంచి నా క్యారియర్ మేస్త్రి చౌడమ్మ ఇంట్లోనే నింపాలి.

"నా కర్మ," అంది చౌడమ్మ. "ఉప్పు ఎక్కువ తింటావా, తక్కువ తింటావా?"

"సరిపడా."

"సరిపడా అంటే ఎంతని తూసి పెట్టాల్నా?"

దినం 5,713

దిగినవాళ్ళు 63. పైకి వచ్చిన మట్టి 189 తట్టలు. దొరికినవి ఏమీ లేవు. తూర్పున కొంచెం మబ్బు.

పొద్దున చౌడమ్మ నా క్యారియర్ గుడ్డలో మూట కట్టి తెచ్చి ఇచ్చింది. "గోడవైపు తిరిగి తిను. పై గిన్నె నీది. కిందవాటితో నీకు పని లేదు. తెరిచి సూసినావంటే నాకు తెలిసిపోతాది," అని హెచ్చరించి ముందు నడిచింది, ఒక పక్కకు వాలి. ఆమె వెనక నేను రెండో పక్కకు వాలి నడిచాను.

గూట్లో కూర్చుని పై గిన్నె తెరిచాను. రాగిసంగటి, ఉల్లిపాయ కారం, మీద నెయ్యి. ఉప్పు సరిపోయింది.

ఇంకొకరు నింపిన గిన్నెలోకి చూడటం ఆచారం కాదు. కళ్ళు మూసుకుని కింది నాలుగు గిన్నెలూ ఒకదాని తర్వాత ఒకటి బోర్లించాను. ఆ చప్పుడు అన్నం చప్పుడు కాదు.

కాలితో సమం చేసి పైకి వచ్చాను.